ప్రతి ఉదయం 2009కి వెళ్ళిపోయే కంప్యూటరు

మండల కేంద్రంలో భర్తతో కలిసి డీటీపీ సెంటరు నడుపుతున్న 46 ఏళ్ళ పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు చెప్పవద్దన్నారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను.

వాళ్ళ కంప్యూటరు 2009లో విడిభాగాలు కొని బిగించుకున్నది. కోర్ 2 డ్యుయో ప్రాసెసరు, జీ31 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్, 320 జీబీ హార్డ్‌డిస్కు. మొదట విండోస్ ఎక్స్‌పీ ఉండేది, 2014లో 32 బిట్ విండోస్ 7 వేయించారు. అందులో పేజీలు కూర్చే ప్రోగ్రాము పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు. శుభలేఖలు, ఓణీల వేడుక కార్డులు, పెద్దకర్మ కార్డులు, బడుల ప్రశ్నపత్రాలు, కరపత్రాలు అన్నీ దాని మీదే చేశారు. ట్రేసింగ్ పేపరు మీద ప్రింటు తీసి స్క్రీన్ ప్రింటింగుకు పంపడం ఇప్పటికీ ఆయన పనే.

ఏడాదిగా అది సతాయిస్తోంది. రోజూ ఉదయం ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కమంటుంది, తేదీ 2009 జనవరి 1 చూపిస్తుంది. కొన్ని రోజులు ఫ్యాను తిరుగుతుంది కానీ తెర మీద ఏమీ రాదు, ఆగి ఆగి కూత వస్తుంది. ఆయన డబ్బా విప్పి ర్యామ్ తీసి మళ్ళీ పెడితే వస్తుంది. మధ్యాహ్నం పూట పని మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఫైలు సేవ్ చేస్తుంటే చాలాసేపు పడుతుంది, అప్పుడప్పుడు లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. డబ్బాను ముట్టుకుంటే జిల్లుమంటుంది.

గత నెల ఒక శుభలేఖలో సుముహూర్తం సమయం తప్పు పడింది. ఆ తప్పు ప్రూఫులో దొరికింది, సరిచేశారు కూడా. కానీ అచ్చుకు వెళ్ళింది సరిచేయకముందు ఫైలు. 300 కార్డులు సొంత డబ్బుతో మళ్ళీ వేయించి ఇచ్చారు. ఆమె కోపంలో "మీకు మతిమరుపు మొదలైంది" అన్నారు. ఆయన మారు మాట్లాడలేదు. మెకానిక్ 1,200 రూపాయలు తీసుకుని బోర్డు పోయిందన్నాడు, కొత్త కంప్యూటరు 46,000 అవుతుందన్నాడు. ఇంకొక దుకాణంలో కంపెనీలు వాడి అమ్మేసిన ఆరవ తరం ఐ5 కంప్యూటరు 15,000కు ఇస్తామన్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు దాన్ని పాత సామాన్లవాడికి వేసేయమని, వాయిదాల మీద ల్యాప్‌టాప్ తీసుకుందామని అంటున్నాడు. 57 ఏళ్ళ భర్త మాత్రం "ఇది పోతే నేనూ దుకాణం మూసేస్తాను" అని నాలుగు రోజులుగా ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. శ్రావణ మాసపు ముహూర్తాలకు ఇంకా ఆరు వారాలు. "బాగుచేయించాలా, కొత్తది కొనాలా? ఆయనకు ఎలా చెప్పాలి?" అని ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కంప్యూటరు జబ్బుల కోసం, రెండోసారి ఆ శుభలేఖ కోసం. ముందు శుభలేఖ సంగతే మాట్లాడదాం. మీ ఇంట్లో మౌనానికి కారణం అదేనని నాకు అనిపిస్తోంది, ఆ తప్పు మీవారిది కాకపోవచ్చు కూడా.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. సీఆర్2032 అంటారు, 3 వోల్టులది. కంప్యూటరుకు కరెంటు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే, మీరు రాత్రి గోడ మీద స్విచ్ ఆపిన క్షణంలో కంప్యూటరు తేదీ మరిచిపోతుంది, పొద్దున బోర్డులో ముందే రాసిపెట్టిన తొలి తేదీకి వెళ్ళిపోతుంది. మీవారు కొన్ని రోజులు తేదీ సరిచేసి పని మొదలుపెడతారు, పని ఒత్తిడి ఉన్న రోజు ఎఫ్1 నొక్కి ముందుకు వెళ్ళిపోతారు. అలా వెళ్ళిన రోజు సేవ్ చేసిన ప్రతి ఫైలు మీదా 2009 జనవరి 1 అనే ముద్ర పడుతుంది. ఇప్పుడు ఊహించండి. ముందు రోజు సరైన తేదీతో సేవ్ అయిన తప్పు ముహూర్తం ఫైలు ఒకటి, మరునాడు 2009 తేదీతో సేవ్ అయిన సరిచేసిన ఫైలు ఒకటి. కొత్తవి పైన వచ్చేలా వరస పెట్టుకుంటే తప్పు ఫైలు పైన కనిపిస్తుంది, సరైనది వందల ఫైళ్ళ అడుగున ఉండిపోతుంది. చేయి అలవాటుగా పైనున్న దాన్నే తెరుస్తుంది.

ఇది నా ఊహే, కానీ తేల్చుకోవడం సులువు. ఆ పెళ్ళి ఫోల్డరు తెరిచి రెండు ఫైళ్ళ మీదా కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లో తేదీలు చూడండి. సరిచేసిన ఫైలు మీద 2009 అని ఉంటే మీవారిది మతిమరుపు కాదు, 50 రూపాయలు కూడా చేయని బ్యాటరీది. ఆ తెర ముందు ఆయనను కూర్చోబెట్టి చూపించండి. కొత్త కంప్యూటరు గురించి మీరు చెప్పదలచుకున్న ఏ మాటైనా ఆ తరువాతే. మతి తప్పుతోందేమోనని లోలోపల భయపడుతున్న మనిషి, చేతికి అలవాటైన ఒక్క వస్తువును కూడా లాగేసుకుంటామంటే ఒప్పుకుంటాడా? ఆయన పట్టుకుని కూర్చున్నది ఇనుప డబ్బాను కాదని మీకూ తెలుసు.

తేదీలు చూశాక సరిచేసిన ఫైలు మీద కూడా ఈ ఏడాది తేదీయే ఉంటే నా ఊహ తప్పు. అప్పుడు కూడా మందలింపు అక్కరలేదు. ఇకమీదట ఫైలు పేరులోనే తేదీ, ఎన్నో ప్రూఫో రాసుకోమనండి. ఇంటిపేరు, తేదీ, ప్రూఫు 3 అని ఉంటే గడియారం ఏమైనా పొరపాటు జరగదు.

ఇక యంత్రం దగ్గరకు వద్దాం. మీరు రాసినవి ఐదు లక్షణాలు. మెకానిక్ వాటన్నిటినీ కలిపి "బోర్డు పోయింది" అన్న ఒక్క మాటలో తేల్చేశాడు. నా అంచనాలో ఇవి ఐదు వేర్వేరు చిన్న జబ్బులు, ఒకే వయసులో వచ్చాయి కాబట్టి ఒకే పెద్ద జబ్బులా కనిపిస్తున్నాయి. ఆ అబ్బాయి మోసం చేశాడని అనడం లేదు. 16 ఏళ్ళ బోర్డును గంటసేపు పరీక్షించి 40 రూపాయల బిల్లు రాయడం ఎవరికీ గిట్టదు. అందుకే ఈ పరీక్షలు చాలావరకు మీరిద్దరే చేసుకోవాలి, చేసుకోగలరు కూడా.

వీటిలో నన్ను నిజంగా కలవరపెట్టింది ఒక్కటే, ఆ టిక్కు టిక్కు చప్పుడు. హార్డ్‌డిస్కులో పళ్ళెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటే దాని మీద వెంట్రుక పట్టనంత ఎత్తులో ఒక ముల్లు కదులుతూ చదువుతుంది. చదవలేక మళ్ళీ మళ్ళీ మొదటి చోటుకు వెళ్ళి వస్తుంటే ఆ చప్పుడు వస్తుంది. సేవ్ చేయడం ఆలస్యం కావడం, ఈ చప్పుడు కలిసి వచ్చాయంటే డిస్కు చివరి దశలో ఉండవచ్చు. బోర్డు పోతే ఇంకో బోర్డు దొరుకుతుంది. మీ 16 ఏళ్ళ ఫైళ్ళు పోతే దొరకవు. కాబట్టి ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే లేచి చేయవలసిన పని ఏదైనా ఉంటే అది నకలు తీయడమే.

ఆ డిస్కు మీద ఇక కొత్త పని చేయకండి. ఎవరైనా డిఫ్రాగ్ చేద్దామన్నా, చెక్‌డిస్క్ నడుపుదామన్నా, ఫార్మాట్ చేస్తే బాగవుతుందన్నా వద్దనండి. నీరసించిన డిస్కును గంటల తరబడి పరుగెత్తించే పనులు అవి. శుభలేఖ ఫైళ్ళు చిన్నవే కాబట్టి 64 జీబీ పెన్‌డ్రైవులో మీ దుకాణం మొత్తం పట్టినా ఆశ్చర్యం లేదు. అయితే పేజ్‌మేకర్ ఫైళ్ళు ఒక్కటే తీస్తే చాలదు. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మలను ఫైలు లోపల దాచుకోకుండా అవి ఎక్కడున్నాయో గుర్తు మాత్రం పెట్టుకోవచ్చు. బొమ్మల ఫోల్డరు రాకపోతే వేరే కంప్యూటరులో వినాయకుడి చోట మసక పెట్టె మిగులుతుంది. అలాగే ఫాంట్ల ఫోల్డరు. అను ఫాంట్లు, ఏ కంప్యూటరైనా, ఫోనైనా చదవగలిగే ఉమ్మడి అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌వి కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చిన ఫాంట్లు అవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో "చి.ల.సౌ." అన్నది అర్థం లేని ఇంగ్లీషు గుర్తులుగా కనిపిస్తుంది. ఫాంట్లు, వాటిని ఎక్కించే సీడీలు, కీబోర్డు ప్రోగ్రాము, లైసెన్సు వివరాలు అన్నీ ఒకచోట చేర్చండి. రెండు నకళ్ళు తీసి, ఒకటి దుకాణంలో కాకుండా ఇంట్లో బీరువాలో పెట్టండి.

నకలు తీస్తుండగా చప్పుడు ఎక్కువైతే అక్కడితో ఆపేయండి. డిస్కు తీసి, యూఎస్‌బీ అడాప్టరుతో ఇంకో కంప్యూటరుకు తగిలించి ముఖ్యమైన ఫోల్డర్లు ముందు లాగవచ్చు. మీ అబ్బాయికి లినక్స్ తెలిసి ఉంటే డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము చదవగలిగిన భాగాన్ని ముందు తీసి, మొండికేసే భాగాన్ని చివరికి వాయిదా వేస్తుంది.

నకలు భద్రంగా ఉందని తేలాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రాముతో డిస్కు ఆరోగ్యం చూడండి. 05 వరుస పాడైన చోట్లకు బదులు వాడేసిన చోట్లను లెక్కిస్తుంది. సీ5 వరుస చదవలేక పెండింగులో ఉన్న చోట్లను లెక్కిస్తుంది. ఈ రెండూ సున్నా దగ్గర ఉండి, సీ7 వరుస మాత్రం పెరుగుతూ ఉంటే డిస్కు మంచిదే, దాన్ని బోర్డుకు కలిపే సాటా కేబులు చెడిందని అర్థం. కేబులుకు వంద రూపాయలు చాలు. ఇది తెలియక మంచి డిస్కులు పారేసినవాళ్ళను చూశాను.

డబ్బా జిల్లుమనడం సంగతి. కంప్యూటరుకు కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్‌లో కరెంటులోని అలజడిని వడపోసే రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి డబ్బాకు, ఇంకొకటి న్యూట్రల్ నుంచి డబ్బాకు. ఎర్త్ తీగ సరిగా ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా మీద 230 వోల్టుల్లో సగం నిలబడుతుంది. కరెంటు సన్నగా ఉంటుంది కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. చాలామంది దాన్ని అలవాటు చేసుకుంటారు కూడా. దయచేసి అలవాటు చేసుకోకండి. ఎర్త్ లేనప్పుడు లోపల ఇన్సులేషన్ నిజంగా చెడితే కాపాడేది ఏదీ ఉండదు. ప్రింటరు, పెన్‌డ్రైవు తగిలించే పోర్టులు కాలిపోవడానికీ ఇది ఒక కారణం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడో పిన్నుకు నిజంగా ఎర్త్ ఉందో లేదో మీటరుతో చూపించమనండి. మీరు రేపు 46,000 పెట్టి కొత్త కంప్యూటరు తెచ్చినా అదే గోడకు తగిలిస్తే అది కూడా జిల్లుమంటుంది. అందుకని మీరు ఏ దారి ఎంచుకున్నా ఈ ఖర్చు తప్పదు.

తెర మీద ఏమీ రాకుండా కూతపెట్టడం, ర్యామ్ తీసి పెడితే రావడం. బోర్డు పోయిందన్న మాటకు ఇదే గట్టి జవాబు. పోయిన బోర్డు ర్యామ్ సర్దగానే గంటల తరబడి పనిచేయదు. ర్యామ్ అంచున బంగారు రంగు పళ్ళ మీద మకిలి పట్టి కాంటాక్టు అందడం లేదు. గోడ నుంచి వైరు తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వాలి. ర్యామ్ ఊడదీసి పెన్సిలు రబ్బరుతో ఆ పళ్ళను రెండు వైపులా మెత్తగా రుద్దాలి. రబ్బరు పొడి స్లాటులో పడకుండా పక్కకు తీసుకువెళ్ళి రుద్దండి. స్లాటులో దుమ్మును మెత్తటి బ్రష్షుతో తీయండి. నోటితో ఊదితే తడి పడుతుంది. రెండు స్లాట్లుంటే రెండోదానిలో పెట్టి చూడండి. మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత పరీక్షను ఒక రాత్రంతా నడిపి ఒక్క తప్పు కూడా రాకపోతే ర్యామ్ మీద అనుమానం వదిలేయవచ్చు.

మధ్యాహ్నం ఆగిపోవడానికి నా మొదటి అనుమానం వేడి. మీ తరం ప్రాసెసర్లతో వచ్చిన గుండ్రటి కూలర్ బోర్డుకు నాలుగు ప్లాస్టిక్ మేకులతో బిగుస్తుంది. నొక్కి పెట్టే మేకులవి. ఏళ్ళ తరబడి వేడికి వాటిలో ఒకటి పైకి లేచిపోతుంది. మిగతా మూడు పట్టుకుని ఉంటాయి కాబట్టి చూడగానే తెలియదు. ఒక మూల ఎత్తుగా ఉంటే ప్రాసెసరుకు కూలర్ అంటుకోదు. దానికి తోడు డీటీపీ సెంటర్లో కాగితపు నూగు, టోనర్ పొడి గాలిలో ఉంటాయి. కూలర్ రెక్కల మధ్య అవి దుప్పటిలా పేరుకుంటాయి. నాలుగు మేకులనూ ఒక్కొక్కటిగా వేలితో కదిపి చూడండి. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని దుమ్ము దులపండి. కూలర్ తీస్తే మాత్రం వేడిని కూలరుకు చేరవేసే పాత పేస్టు పూర్తిగా తుడిచి, బఠానీ గింజంత కొత్త పేస్టు పెట్టి బిగించాలి. కంప్యూటరు లేచేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల చోటు అయిన బయోస్‌లో హార్డ్‌వేర్ మానిటర్ పేజీ తెరిస్తే వేడి ఎంతో కనిపిస్తుంది. ఏ పనీ లేకుండానే 70 డిగ్రీలు దాటుతుంటే దొంగ దొరికినట్టే.

వేడి మామూలుగానే ఉండి కూడా ఆగిపోతుంటే ఎస్ఎంపీఎస్‌ను చూడాలి. మీటరుతో కొలిస్తే 12 వోల్టుల తీగలో 11.4కు తగ్గకూడదు, 5 వోల్టుల తీగలో 4.75కు తగ్గకూడదు. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకండి. వైరు తీసేశాక కూడా అందులో ప్రమాదకరమైన చార్జి నిలిచి ఉంటుంది. చెడితే మార్చడమే. చివరగా బోర్డు మీద చిన్న చిన్న డ్రమ్ముల్లాంటి కెపాసిటర్ల తలలు చూడండి. చదునుగా ఉండాలి. ఉబ్బి ఉన్నా, గోధుమరంగు జిగురు కారినా మెకానిక్ మాట నిజమేనని ఒప్పుకోవాలి. టంకం బాగా పెట్టగలవాడు వాటిని మార్చగలడు కానీ, అంత దూరం వచ్చిన బోర్డును సీజను పనికి నమ్మమని నేను చెప్పలేను.

ఇవన్నీ చూశాక మీ ముందు మూడు దారులు ఉంటాయి. ఒక్కోదానితో ఏం వస్తుందో, ఏం పోతుందో చెబుతాను.

దీన్నే బాగుచేసి ఉంచుకోవడం ఒకటి. బ్యాటరీ, పేస్టు, శుభ్రం చేయడం, అవసరమైతే ఎస్ఎంపీఎస్, హార్డ్‌డిస్కుకు బదులు తిరిగే భాగాలు లేని చిన్న డిస్కు ఎస్ఎస్‌డీ. ఈ జాబితాలో డబ్బు పెట్టడానికి నిజంగా తగినది ఎస్ఎస్‌డీ. మీ బోర్డు పాత సాటా వేగంతోనే మాట్లాడుతుంది కాబట్టి కొత్త ఎస్ఎస్‌డీ పూర్తి వేగం రాదు. అయినా ఫైలు వెతకడానికి హార్డ్‌డిస్కుకు 10 నుంచి 15 మిల్లీసెకన్లు పడితే దీనికి మిల్లీసెకనులో పదో వంతు చాలు. రోజూ కంటికి తెలిసేది ఆ తేడానే. విండోస్ 7కు ఎస్ఎస్‌డీని సరిగా చూసుకోవడం తెలుసు, ఎక్స్‌పీకి తెలియదు. అందుకని ఎవరైనా మళ్ళీ ఎక్స్‌పీ వేస్తామంటే వద్దనండి. పాత డిస్కు ఆరోగ్యంగా ఉంటే క్లోనెజిల్లా అనే ఉచిత ప్రోగ్రాముతో ఉన్నది ఉన్నట్టు కొత్తదానికి దించవచ్చు. సీ5 అంకె పెద్దగా ఉంటే ఆ ప్రయత్నం చేయకండి, కొత్తగా విండోస్ వేసి ఫైళ్ళు మాత్రం ఎక్కించండి.

ర్యామ్ పెంచమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దానికి 2 జీబీ అంటే చెరువు లాంటిది. జీ31 బోర్డు 4 జీబీ దాటి తీసుకోదు, 32 బిట్ విండోస్ అందులో మూడుంబావు వరకే వాడుకుంటుంది. పైగా చవకగా కనిపించే 4 జీబీ డీడీఆర్2 ముక్కలు కొన్ని ఏఎండీ బోర్డుల్లోనే పనిచేస్తాయి, మీ ఇంటెల్ బోర్డులో కూత తప్ప ఏమీ రాదు. డీడీఆర్3 ముక్కకు గాడి వేరే చోట ఉంటుంది, అసలు దిగదు. పాత క్వాడ్ ప్రాసెసరు వెతికి వేయించడం కూడా వృథా. నా లెక్క ఒకటి చెబుతాను. బాగుచేయడానికి అయ్యే మొత్తం ఖర్చు, మీకు కొత్తదానికి చెప్పిన ధరలో పదో వంతు లోపల ఉంటే చేయించండి, దాటితే ఆగండి.

ఈ దారిలో పోయేది ఇంటర్నెట్. విండోస్ 7కు మామూలు భద్రతా మరమ్మతులు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. క్రోమ్ బ్రౌజరు 109వ వెర్షనుతో దాన్ని వదిలేసింది. కొత్త విండోస్ వేద్దామంటే, 2024లో వచ్చిన 24హెచ్2 నుంచి విండోస్ 11 ఎస్ఎస్ఈ4.2 అనే ఆదేశాలు లేని ప్రాసెసరు మీద మొదలే కాదు. కోర్ 2 డ్యుయోకు అవి లేవు. కాబట్టి ఈ కంప్యూటరుకు నెట్ వైరు తీసేసి, దాన్ని పేజ్‌మేకర్ బల్లగా మాత్రమే ఉంచాలి. వాట్సాప్‌లో వచ్చే మ్యాటరు, ఆన్‌లైన్ దరఖాస్తులు, చెల్లింపులు దీని మీద చేయకూడదు.

రెండో దారి ఆ 15,000 రూపాయల కంప్యూటరు. ఆలోచన మంచిదే, తరం మీద నాకు అభ్యంతరం ఉంది. ఆరవ తరం ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా లేదు, విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకొంచెం పెట్టి ఎనిమిదో తరం దొరుకుతుందేమో అడగండి, అక్కడి నుంచి విండోస్ 11 సరిగా వస్తుంది. మీ ఊళ్ళో దొరకకపోతే మీ అబ్బాయి సికింద్రాబాదు ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటరులో నాలుగు దుకాణాలు తిరిగి అడగగలడు. కంపెనీలు వాడిన బ్రాండెడ్ డబ్బాల్లో కొన్నింటికి ఎస్ఎంపీఎస్ పిన్నులు మామూలు వాటిలా ఉండవు. రేపు చెడితే పక్క దుకాణంలో దొరికేది పట్టదు. అది కొనేముందు చూసుకోండి.

డబ్బు ఇచ్చేముందు చేయవలసిన పరీక్ష ఇంకొకటి ఉంది, అన్నిటికన్నా ముఖ్యం. మీ సీడీలు పట్టుకువెళ్ళి ఆ కంప్యూటరులోనే పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఎక్కించమనండి. మీ పాత శుభలేఖ ఒకటి తెరిచి, ఒత్తులు, గుణింతాలు సరిగా వచ్చాయో చూసి, మీ ప్రింటరు మీద ట్రేసింగ్ తీయించండి. పేజ్‌మేకర్ 7ను 64 బిట్ విండోస్ మీద నడుపుతున్నవాళ్ళు ఉన్నారు, ఏదో ఒక మెలిక పడి నడపలేకపోయినవాళ్ళూ ఉన్నారు. నేరుగా నడవకపోతే వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాములో పాత విండోస్‌ను కంప్యూటరు లోపల కంప్యూటరులా నడపవచ్చు. మీ అబ్బాయి ఒక ఆదివారం కూర్చుంటే అయ్యే పని. ఆ పరీక్షకు మీవారిని వెంట తీసుకువెళ్ళండి. పేజీలో తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకోగల కన్ను ఆయనదే, దుకాణదారుడిది కాదు, నాదీ కాదు.

మూడోది కొత్తది కొనడం. మీ అబ్బాయి మాటలో నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. ఇప్పుడు పెళ్ళివారు మ్యాటరు ఫోనులో పంపుతారు, అది యూనికోడ్‌లో ఉంటుంది. పేజ్‌మేకర్ యూనికోడ్ తీసుకోదు కాబట్టి మీవారు దాన్ని మళ్ళీ మొదటినుంచి కొడుతున్నారు. టైపులో తప్పులు దొర్లేది అక్కడే. కొత్త పేజీ ప్రోగ్రాము ఇన్‌డిజైన్‌లో ఇప్పుడు తెలుగు యూనికోడ్ చక్కగా కూర్చుంటుంది. కానీ అది నెలవారీ చందా, కొత్త కీబోర్డు అలవాటు, కనీసం ఆరు నెలల తడబాటు. ముహూర్తాల ముందు ఆరు వారాల్లో ఆ మార్పు చేయమంటే చేతులు కట్టేసినట్టే అవుతుంది. ఇక ల్యాప్‌టాప్ మాత్రం డీటీపీ బల్ల మీదకు నేను ఒప్పుకోలేను. రెండు పేజీలు పక్కపక్కన చూడాలంటే తెర చాలదు, రోజంతా మెడ వంచి కూర్చోవాలి, ఒక భాగం చెడితే మొత్తం ఆగిపోతుంది.

నాకు మొగ్గు ఎటు అని అడిగితే, పరీక్షల్లో బోర్డు నిలిచినట్లయితే శ్రావణం దాకా పాతదాన్నే బాగుచేసి నెట్ లేకుండా నడపడం, సీజను డబ్బు వచ్చాక ఎనిమిదో తరం కంప్యూటరు తెచ్చి పక్కన పెట్టడం. కొత్తదాని మీద మీరు కూర్చోండి. వాట్సాప్ మ్యాటరు, దరఖాస్తులు, ఫోనులో పంపే ఆహ్వానాలు మీవి. పేజ్‌మేకర్ బల్ల ఆయనది. రెండిటి మధ్య పెన్‌డ్రైవు తిరుగుతుంది, వైరస్ తనిఖీ చేశాకే. దీనిలో నష్టం లేదనను. రెండు యంత్రాలకు కరెంటు, చోటు, యూపీఎస్ కావాలి, ఫైళ్ళు రెండుచోట్ల చెదిరే ప్రమాదం ఉంది. మీ దుకాణంలో రెండో బల్లకు చోటు లేదంటే ఈ సలహా పక్కన పెట్టి, రెండో దారికి సీజనుకు ముందే మారండి. ఆరు వారాల్లో చివరి రెండు వారాలను మార్పులకు వాడకండి.

ఆయనతో ఎలా మాట్లాడాలని అడిగారు. ముందు ఆ ఫైళ్ళ తేదీలు. మాట తూలినందుకు మీరు బాధపడుతున్నట్టు ఉత్తరంలోనే తెలుస్తోంది. ఆ సంగతి ఆయనకే చెప్పండి, కొడుకు ముందు కాకుండా. తరువాత డబ్బాను ఆయన చేతే విప్పించండి. మేకులు చూసేది, రబ్బరుతో రుద్దేది, బ్యాటరీ మార్చేది ఆయనే కావాలి. మీరు టార్చి పట్టుకోండి. ఏడాదిగా ర్యామ్ సర్ది దాన్ని లేపుతున్నది ఆయనే, ఈ పని ఆయనకు కొత్త కాదు. ఆ తరువాత ఒక కాగితం ఇచ్చి, కొత్త కంప్యూటరు వస్తే అందులో తప్పకుండా ఉండవలసినవి రాయమనండి. ఏ ఫాంట్లు, ఏ బోర్డర్లు, ఏ పాత నమూనాలు. ఆ జాబితా మీ అబ్బాయికి పంపండి. "పారేయండి" అన్నవాడికి తండ్రి దగ్గర నుంచి ఒక పని వస్తుంది. తండ్రికి, తన పని మరో చోటికి చేరుతుందన్న నమ్మకం వస్తుంది. ఆయన అప్పటికీ వద్దంటే ఈ సీజను వరకు వద్దనే ఉండనివ్వండి. బీరువాలో నకలు ఉన్నంతకాలం ఆ పట్టుదల వల్ల మీకు పెద్ద నష్టం రాదు.

నకలు తీశాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5, సీ7 వరుసల చివర కనిపించే అంకెలు, కెపాసిటర్ల తలలు ఎలా ఉన్నాయో రెండు మాటలు రాసి పంపండి. అవి చూస్తే మీ డిస్కును, బోర్డును శ్రావణం దాకా నమ్మవచ్చో లేదో ఇంకొంచెం గట్టిగా చెప్పగలను.